డాక్టరేటు తరువాత దారులెన్ని?

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు నుండి నరసరావుపేట వైపు ప్రయాణము చేయువారికి దారి పొడవునను కల్లములలో ఎండుచున్న మిరపకాయలు ఎర్రని తివాచీలవలె కనిపించును. కాని 2021వ సంవత్సరము చివర ఈ మైదానములలోని మిరప రైతు పూవును విప్పి చూచి తల పట్టుకొనవలసి వచ్చినది. పూవు లోపల నువ్వుగింజకన్న సన్నని నల్లని పురుగులు గుంపులుగా నుండెను. పూత రాలిపోయినది, కాయ పట్టలేదు. మిరపకు తామరపురుగు క్రొత్త కాదు. ఆకులు పైకి ముడుచుకొనిన "పై ముడత" యనియు, నల్లి పట్టి క్రిందికి ముడుచుకొనిన "క్రింది ముడత" యనియు ఇచ్చటి రైతు తాతలనాటి నుండియు గుర్తింపగలడు. కాని ఈ పురుగు ఆకును గాక పూవునే ముఖ్యముగా ఆశ్రయించుచుండెను. ఇది ఏమి?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఎందరు కావలసివచ్చిరో చూడుడు. మొదట పురుగును గాజుపలకపై నుంచి, సూక్ష్మదర్శినిలో దాని రోమములను లెక్కించి, ఇది ఫలానా జాతి యని నిర్ణయింపగల వర్గీకరణ శాస్త్రజ్ఞుడు కావలెను. ఇది ఆగ్నేయాసియాకు చెందిన జాతి యనియు, మన దేశములో 2015లో బెంగుళూరులో బొప్పాయిపై మొదట కనబడినదనియు అట్టివారి వలననే తెలిసినది. తరువాత నీలిరంగు జిగురు అట్టలు పనిచేయునా, ఏ మందు ఎంత మోతాదులో చల్లవలెను, ఏ మందు చల్లిన పురుగు ఇంకను పెరుగును అని పొలములో పరీక్షించు కీటక శాస్త్రజ్ఞుడు కావలెను. ఆ సంగతిని రైతుకు అర్థమగు మాటలలో చెప్పు విస్తరణ నిపుణుడు కావలెను. తట్టుకొనగల రకమును వెదకు ప్రజనన శాస్త్రజ్ఞుడు కావలెను. చల్లిన మందు కాయలో ఎంత మిగిలినదో కొలిచి, ఎగుమతికి తగునో తగదో చెప్పు రసాయన శాస్త్రజ్ఞుడు కావలెను. ఏ మందును ఏ పంటపై అనుమతింపవలెనో నిర్ణయించు ప్రభుత్వ సంఘములలో కూర్చుండు నిపుణుడు కావలెను.

ఈ పనులన్నియు పరిశోధనలో తరిఫీదు పొందినవారు చేయదగిన పనులే. అయినను వీనిలో ఏ ఒక్కటియు కళాశాలలో పాఠము చెప్పుట కాదు. "డాక్టరేటు చదివినవాడు లెక్చరరు కావలెను, లేనిచో చదువు వృథా" అని మన యిండ్లలో వినవచ్చు మాట ఎంతవరకు నిజమో ఈ పురుగే మనకు చెప్పుచున్నది.

డాక్టరేటు అనగా నేమి?

బి.ఎస్సి., ఎం.ఎస్సి. చదువులలో ఇతరులు కనుగొనిన విషయములను నేర్చుకొందుము. డాక్టరేటులో ఇంతవరకు ఎవ్వరికిని తెలియని చిన్న విషయమును ఒకదానిని స్వయముగా కనుగొని, దానిని ఇతర శాస్త్రజ్ఞుల ముందు నిలబెట్టి నిరూపింపవలెను. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., చేసిన నిబంధనల ప్రకారము దీనికి కనీసము 3 సంవత్సరములు, సాధారణముగా గరిష్ఠము 6 సంవత్సరములు గడువు. జాతీయ పరీక్షలో నెగ్గి జూనియర్ పరిశోధక వేతనము సంపాదించినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, రెండు సంవత్సరముల తరువాత సీనియర్ వేతనముగా 42,000 రూపాయలు నిర్ణయింపబడినవి. ఈ వేతనము లేకయే పరిశోధన చేయువారును పెక్కురు కలరు. పట్టము వచ్చిన తరువాత పెక్కురు మరి రెండు మూడు సంవత్సరములు వేరొక పరిశోధనాలయములో తాత్కాలికముగా పనిచేయుదురు. దీనిని పోస్ట్ డాక్టరల్ పరిశోధన అందురు. ఇది చదువునకును ఉద్యోగమునకును నడుమ వంతెన వంటిది. వంతెనపై నడువవచ్చును గాని కాపురముండరాదు.

ఒక చిన్న లెక్క

అందరును ఆచార్యులు కావచ్చునా? ఒక లెక్క వేయుదము. అవే నిబంధనల ప్రకారము ఒక ప్రొఫెసరు ఏకకాలములో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 గురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మార్గదర్శకత్వము వహింపవచ్చును. ఒక అధ్యాపకుడు తన ఉద్యోగకాలమంతయు తక్కువలో తక్కువగా 4 గురు విద్యార్థులనే ఉంచుకొనెననుకొందము. ఒక్కొక్కరికి 5 సంవత్సరములు పట్టెననుకొందము. 30 సంవత్సరములలో అట్టి జట్లు ఆరు తయారగును. ఆరు నాలుగులు ఇరువదినాలుగు. ఆయన విరమించిన నాడు ఖాళీయగు కుర్చీ ఒక్కటి.

క్రొత్త విశ్వవిద్యాలయములు వెలయుచుండిన కాలములో కుర్చీల సంఖ్య పెరుగును గాన ఈ లెక్క కొంత సడలును. పదవులు భర్తీ కాక నిలిచిపోయిన కాలములో ఇంకను బిగియును. ఏమైనను 24 గురిలో అధిక సంఖ్యాకులు వేరు దారి చూచుకొనక తప్పదు. ఇది విద్యార్థి ప్రతిభలోని లోపము కాదు; ఇది కేవలము లెక్క. ఈ లెక్క పరిశోధనలో చేరిన మొదటి సంవత్సరమునందే తెలిసినవాడు సిద్ధపడును. అయిదవ సంవత్సరమున తెలిసినవాడు కలతపడును. తేడా అంతయు ఇచ్చటనే యున్నది.

లాం దారి

గుంటూరునకు చేరువనున్న లాం గ్రామములోని వ్యవసాయ పరిశోధన క్షేత్రము 1922లో వెలసినది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో ఏర్పడి, 1996లో ఆచార్య ఎన్. జి. రంగా పేరు ధరించినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత దాని ప్రధాన కార్యాలయము లాం చేరినది. బాపట్లలోని వ్యవసాయ కళాశాల 1945 నాటిది. మిరపలో "భాగ్యలక్ష్మి" యనబడు జి-4, ఎల్.సి.ఎ. 334 వంటి రకములు, మినుములో ఎల్.బి.జి. శ్రేణి రకములు, 1980ల నడుమ తెల్లదోమ ఈ మైదానములలోని ప్రత్తిని నాశనము చేసిన తరువాత ఆ దోమను తట్టుకొనునట్టి "కాంచన" యను ప్రత్తి రకము లాం క్షేత్రము నుండియే వచ్చినవి.

ఈ దారిలో నడువదలచినవారు ఒక విషయము గ్రహింపవలెను. డాక్టరేటు గ్రంథము అయిదేండ్లలో ముగియును. ఒక క్రొత్త రకము అట్లు ముగియదు. రెండు మొక్కలను సంకరము చేసిన తరువాత గుణములు స్థిరపడుటకు తరము తరువాత తరముగా ఎన్నికచేయవలెను; ఏటికొక తరమనుకొనినను ఆరేడు సంవత్సరములు గడచును. ఆపై పలుచోట్ల పరీక్షలు, రైతుల పొలములలో చిరుసంచుల ప్రయోగములు. మొదలుపెట్టినవాడు బదిలీయై పోవచ్చును. ముగించువాడు వేరొకడు కావచ్చును. ఎల్.సి.ఎ. అను అక్షరములలో మొదటిది లాం గ్రామమునకు గుర్తు. ఏ శాస్త్రజ్ఞుని పేరును అందులో లేదు. పేరు కోరువానికి ఈ పని రుచింపదు. చేను కోరువానికి దీనిని మించిన పని లేదు.

ఈ దారికి మరికొన్ని శాఖలున్నవి. దేశమంతటికి వర్తించు వ్యవసాయ పరిశోధన సర్వీసు 1975లో ఏర్పడినది. పోటీ పరీక్షలో నెగ్గినవారు నాగపూరులోని కేంద్ర ప్రత్తి పరిశోధన సంస్థ వంటి చోట్ల పనిచేయుదురు. లాం, దర్శి వంటి చోట్లనున్న కృషి విజ్ఞాన కేంద్రములలో ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క నిపుణుడుండి, పరిశోధన ఫలితమును పొలము గట్టుపై రైతునకు చూపును. గుంటూరులో సుగంధద్రవ్యముల బోర్డువారి నాణ్యతా పరీక్షాలయము కలదు. అచ్చట మిరపలో బూజువిషమైన అఫ్లటాక్సిను ఎంత, కృత్రిమమైన రంగు కలిసినదా అను విషయములు తేల్చుదురు. విత్తన సంస్థలు తమ సొంత ప్రజనన క్షేత్రములను నడుపుచున్నవి. 2001లో వచ్చిన వంగడముల రక్షణ, రైతుల హక్కుల చట్టము వలన క్రొత్త రకములను నమోదు చేయించుట, ఒక రకమునకును మరియొక రకమునకును గల భేదమును పత్రములపై నిరూపించుట అను పనికి కూడ శాస్త్రము తెలిసినవారు అవసరమైరి.

దారి మార్చిన ముగ్గురు

దారి మార్చుట ఓటమి యని తలచువారు మన తెలుగువారిలోనే మూడు జీవితములను పరిశీలింపవచ్చును.

యల్లాప్రగడ సుబ్బారావు భీమవరములో 1895లో జన్మించెను. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయములో 1930లో డాక్టరేటు పొందెను. రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచుటకు ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన పద్ధతి నేటికిని పాఠ్యగ్రంథములలో కలదు. అయినను అచ్చట ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ అను మందుల కంపెనీ పరిశోధనాలయమునకు పోయెను. తరువాత ఎనిమిదేండ్లలో, 1948లో మరణించులోపల, ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది; బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్, ఆరియోమైసిన్ మందులు వెలువడినవి. విశ్వవిద్యాలయములో ఒక్కడు చేయలేని పనిని కంపెనీలో పెద్ద జట్టు చేయగలిగెను. అయితే అచ్చట పరిశోధనకు దిక్కు నిర్ణయించునది కంపెనీ. ఆ కట్టుబాటు కూడ ఉండును.

యలవర్తి నాయుడమ్మ 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబమున జన్మించెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయములో పారిశ్రామిక రసాయన శాస్త్రము చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందెను. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో శాస్త్రజ్ఞుడై, 1958 నుండి 1971 వరకు దానికి డైరెక్టరుగా నుండెను. తరువాత 1977 వరకు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టరు జనరల్, 1981-82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలర్. 1985లో కనిష్క విమాన విధ్వంసములో మరణించెను. ఆయన జీవితములో ప్రయోగశాల బల్ల నుండి పరిపాలన బల్లకు మార్పు జరిగినది. తోలు శుద్ధిచేయువాని కష్టము తెలిసిన శాస్త్రజ్ఞుడు పాలకుడైనప్పుడు పరిశోధన పరిశ్రమకు చేరువగును.

మూడవవారు ఆచార్య రంగా. 1900లో నిడుబ్రోలులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో బి.లిట్. పట్టము పొంది, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించెను. ఆయనది డాక్టరేటు కాదు. అయినను గ్రామముల ఆర్థిక స్థితిని, చేనేతవారి బ్రతుకును పరిశీలించి వ్రాసిన పరిశోధకుడే. తరువాత అధ్యాపకత్వము విడిచి స్వాతంత్ర్యోద్యమములోను రైతు ఉద్యమములోను ప్రవేశించెను. పరిశోధనలో సేకరించిన లెక్కలే ఆయనకు ఉపన్యాస వేదికపై ఆయుధములైనవి.

మారుటకు ఏమి కావలెను?

ఈ ముగ్గురును చదివినదానిని పారవేయలేదు, వెంట తీసికొనిపోయిరి. పరిశోధకుని వెంట పోవునది కేవలము విషయజ్ఞానము కాదు. ప్రశ్నను సరిగా వేయుట, కొలత ఎంతవరకు నమ్మదగినదో చెప్పుట, విఫలమైన ప్రయోగమును మరల చేయుట, పెద్ద గ్రంథమును గడువులోపల ముగించుట — ఇవి ఏ ఉద్యోగములోనైనను చెల్లుబాటగు నాణెములు.

క్రొత్తగా నేర్వవలసినవియు కలవు. కంపెనీలో "ఎంత లోతుగా తెలిసినది" అని గాక "ఎప్పటికి తేలును, ఎంత ఖర్చగును" అని అడుగుదురు. అచ్చటి ఫలితములలో కొన్నింటిని ప్రచురింపరాదు. విస్తరణలో పండితభాష పనికిరాదు. "థ్రిప్స్" అనక "తామరపురుగు" అనవలెను. పేటెంటు పనికి చట్టము చదివి ప్రత్యేక పరీక్షలో నెగ్గవలెను. ప్రభుత్వ ఉద్యోగములకు వయఃపరిమితి కలదు గనుక ప్రకటనలను ముందుగనే గమనించుచుండవలెను. అందుచేత పరిశోధనలో రెండవ మూడవ సంవత్సరమునందే ఒక వేసవిలో పరీక్షాలయమునో విత్తన క్షేత్రమునో చూచివచ్చుట మంచిది. మార్గదర్శకులైన ఆచార్యులు దీనిని ద్రోహముగా భావింపరాదు. తమ శిష్యులలో ఒక్కడే తమ కుర్చీకి వచ్చునని వారికి తెలియని విషయము కాదు.

ఇంటివారి మాట కూడ చెప్పవలెను. ప్రత్తి అమ్మి, మిరప అమ్మి కొడుకునో కూతురునో ముప్పదేండ్లవరకు చదివించిన తండ్రి "ఇంకను ఉద్యోగము రాలేదా?" యని అడుగుటలో తప్పు లేదు. తేజా కాయకు ధర లేనియేడు రైతు శీతల గిడ్డంగిలో ఉంచి కనిపెట్టుకొని యుండును, మరుసటియేడు సగము చేనులో వేరే పంట వేయును. ఒక్క పంటను నమ్ముకొనరాదని ఆ తండ్రికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. ఆ తెలివినే చదువు విషయములో కూడ వాడుకొనుమని ఆయనకు చెప్పవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక సూచన. తరగతిలో ఒక ఎండుమిరపకాయను బల్లపై నుంచి, "ఇది ఇచ్చటికి చేరుటకు ఎన్ని విధములైన శాస్త్రజ్ఞులు పనిచేసిరి?" అని అడుగుడు. విత్తనము, నేల, నీరు, పురుగు, తెగులు, రంగు, కారము, నిల్వ, ఎగుమతి, చట్టము అని విద్యార్థులు ఒక్కొక్కటిగా చెప్పుదురు. నల్లబల్లపై జాబితా పెరుగును. దానిలో "ఆచార్యుడు" అను మాట ఒక పంక్తి మాత్రమే. మిగిలిన పంక్తులును దారులే యని పదునాలుగేండ్ల వయస్సుననే తెలిసిన విద్యార్థి, ముప్పదవయేట త్రోవ తప్పితినని దిగులుపడడు.