రాయవేలూరి దారిలో స్కూటరు

కర్నూలులో మొదలై నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరుల మీదుగా తమిళదేశమునందలి రాణిపేట వఱకు సాగెడు 40వ నంబరు జాతీయరహదారిపై లారీలును యాత్రికుల కార్లును రేయింబవళ్ళు పరుగులిడుచుండును. కాని చింతకాయలు దులుపుచు కొమ్మ విఱిగి పడినవానిని, మిద్దెపై గింజలెండబోయుచు కాలుజాఱినవానిని, చీకటిలో మోటారుసైకిలుతో కల్వర్టును ఢీకొన్నవానిని బంధువులు రాయవేలూరి క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రికి చేర్చునదియు ఆ దారియే. పగిడ్యాలలో బయలుదేరి నందికొట్కూరు, ఆత్మకూరు, వెలుగోడు దాటి నంద్యాల చేరినచో, ఆపైన త్రోవ యడుగనక్కఱయే లేదు. వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింద చచ్చుపడినవాడు ఆ దారిని తొలిసారి వెల్లకిల పరుండి పోవును. కొన్నియేండ్లకు పరీక్షల నిమిత్తము మరల పోవలసివచ్చినప్పుడు, తన చేతులతో తానే స్కూటరు నడుపుకొనుచు పోగలడా? ఈ మాట పల్లెలో నెత్తినచో ముందు నవ్వుదురు; పిమ్మట "ఉన్నచోట ఉండరాదా నాయనా" యందురు. పోగలడనియే నా యభిప్రాయము. ఐతే అది సాహసకార్యము కాదు, శ్రద్ధతో కూడిన దినచర్య.

రాయవేలూరి పేరెత్తి డాక్టర్ మేరీ వర్గీసును తలపకుండరాదు. 1954లో జరిగిన వాహనప్రమాదమున కాళ్ళలో చైతన్యము కోల్పోయిన ఆ యువవైద్యురాలు, చక్రాలకుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేసి, పిమ్మట న్యూయార్కులో పునరావాసవైద్యము నభ్యసించి వచ్చి, 1966లో అచ్చట పునరావాసకేంద్రము వెలయుటకు కారకురాలయ్యెను. వెన్ను విఱిగినవారిని చంపునది విఱిగిన వెన్ను కాదనియు, ఒంటి పుండ్లును చెడిన మూత్రకోశమును ననియు, ఈ రెంటిని కనిపెట్టియుండినచో వారు చిరకాలము బ్రతుకగలరనియు 1944 మొదలుకొని ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ నిరూపించెను. స్కూటరు ప్రయాణమునకును ఆ రెండే శత్రువులు.

యంత్రము సంగతి ముందుగా ముగించెదను. ఏలయన అది సులభము. మోటారుసైకిలునకు గేరు ఎడమకాలితో మార్చవలయును, వెనుకబ్రేకు కుడికాలితో త్రొక్కవలయును, ఆగినప్పుడు కాలు నేల కానింపవలయును. 1984లో కైనెటిక్ హోండా వచ్చినది మొదలు గేర్లు లేని, మీట నొక్కినంతనే స్టార్టగు స్కూటరు మన వీథులకు అలవాటైనది. నేటి యాక్టివా జాతి బండ్లకు బ్రేకులు రెండును చేతికే యున్నవి. ఎవరికై చేసిరో గాని, కాళ్ళు కదలనివానికి ఇంతకంటె ననుకూలమైన బండి వేఱొకటి లేదు. నిలకడకు వెనుకచక్రమున కిరుప్రక్కల సైడు చక్రములు బిగింతురు.

ఆ సైడు చక్రముల గుణము మాత్రము దూరమేగువాడు బాగుగా నెఱిగియుండవలయును. అట్టి బండి మలుపులో ఒరగదు. వేగముగా త్రిప్పినచో లోపలి చక్రము నేల విడిచి లేచును. ట్రాక్టర్లు లోతుగా గాడి పెట్టిన మట్టిదారిలో సైడు చక్రములు రెండును గట్లపై నిలిచిపోగా, బండిని నడపవలసిన వెనుకచక్రము నేల నంటక వట్టినే తిరుగుచుండును. దిగి నెట్టలేనివానికి అది పెద్ద చిక్కు. సైడు చక్రములకు బ్రేకు లేదు, బరువు మాత్రము పెరిగినది, కావున బండి యాగుటకు మఱికొంత దూరము కావలయును. మడతపెట్టు చక్రాలకుర్చీని వెనుక కట్టుకొనుట మఱువరాదు. అది లేనిదే చేరినచోట దిగుటయే లేదు.

చట్టము ఆలస్యముగా మేలుకొన్నది. 1988 నాటి మోటారువాహనముల చట్టము, వికలాంగుని బండి యనగా వానికై ప్రత్యేకముగా నిర్మింపబడినదే గాని మామూలు బండిని మార్చినంత మాత్రమున చాలదని నిర్వచించెను. మన మెకానిక్కుల పని యంతయు మార్చుటయే గదా! 2019 సవరణతో, 52వ సెక్షను ననుసరించి మార్పు చేయించిన బండియు ఆ కోవలో చేరినది. రవాణా కార్యాలయమున ఆ మార్పును పత్రములలో ఎక్కించి, తగిన లైసెన్సు తీసికొనిన పిదపనే జిల్లా యెల్ల దాటుట మేలు.

అసలు కష్టము దేహముతో. స్పర్శ లేనివానికి నొప్పి లేదు; నొప్పి లేకపోవుటయే ఆపద. మనము గంటసేపు కూర్చున్నచో తెలియకయే పదిమార్లు కదలుదుము; అతడు కదలడు. పిఱుదుల యెముకలు చర్మమును సీటు కదిమి రక్తప్రసారము నాపివేయును. కావున మంచి మెత్త వేసికొనుటయే గాక, అరగంటకు మించకుండ బండి నాపి, చేతులపై దేహమునెత్తియో, ముందునకు వంగియో ఒకటి రెండు నిమిషములుండవలయును. జీన్సు ప్యాంటు వెనుకజేబు కుట్టు, అందలి రాగిగుబ్బ, మఱచిపోయిన రూపాయిబిళ్ళ, వీనిలో ఏదైనను ఒక్క పూటలో పుండునకు బీజము వేయగలదు. సాయంకాలము బసలో అద్దముతో వెనుకభాగము చూచుకొని, ఎఱ్ఱని మచ్చ వ్రేలితో నొక్కినను తెల్లబడకున్నచో మఱునాటి ప్రయాణము మానవలసినదే. మానలేనివాడు నెలల తరబడి బోరగిల పరుండవలసివచ్చును. సైలెన్సరునకు కాలు తగిలినను అతనికి తెలియదు, కమురు కంపు తెలుపవలయును. గతుకులలో కాళ్ళు తమంతట తామే యెగిరిపడుచుండును గనుక పాదములను పలకపై వెడల్పు పట్టీలతో నిలిపి, సైలెన్సరునకు రేకు తొడిగించుట అవసరము.

ఎండ మఱియొక సమస్య. దెబ్బతిన్న చోటికి క్రింద సరిగా చెమట పట్టదు. నంద్యాల వైశాఖపు టెండ మనలను మాడ్చును, అతనిని లోలోపల ఉడికించును. కార్తీకము మొదలు మాఘము వఱకు ప్రయాణమునకు మంచి కాలము. మూత్రకోశమును నాలుగు నుండి ఆఱు గంటల కొకసారి కెథీటరుతో ఖాళీ చేసికొనవలయును గాని, మఱుగుదొడ్డి దొరకదను భయమున నీరు త్రాగుట మానరాదు. ఱొమ్ముభాగపు ఆఱవ వెన్నుపూస వద్దగాని అంతకు పైన గాని దెబ్బ తగిలినవారికి, మూత్రకోశము నిండినను, పట్టీ బిగిసినను రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరముగా పెరుగవచ్చును. తల పగులునట్లు నొప్పి, మొగమున చెమట దాని గుర్తులు. వెంటనే బండి నాపి, నిటారుగా కూర్చుండి, బిగువులు సడలించి, మూత్రము తీసివేయవలయును. తగ్గకున్నచో ఆలసింపక ఆసుపత్రికి పోవలయును.

ఇటలీవాడైన నికోలా డుట్టో, 2010లో రేసులో పడి కాళ్ళలో చైతన్యము పోగొట్టుకొనియు, 2019లో పెరూ ఇసుకలలో జరిగిన డకార్ ర్యాలీలో మోటారుసైకిలుపై దిగెను. ముగ్గురు సహచరులు వెంట నుండిరి. ర్యాలీ ముగియకమునుపే అతడు తప్పుకొనవలసివచ్చెను. ఱొమ్ము క్రింద చచ్చుపడిన మన దీపా మాలిక్ 2016 రియో పారాలింపిక్సులో గుండువిసరుటలో రజతము గెలుచుటకు ముందే మార్పించుకొన్న మోటారుసైకిలు నడిపి పేరొందెను. వీరు ఘనులే, కాని పత్రికలు రికార్డులనే ప్రకటించుటచే, ఇది అసాధారణులకే సాధ్యమని మనవారు తలచుచున్నారు. నా దృష్టిలో డకారునకన్న దాబాయే కఠినము: మఱుగుదొడ్డికి మూడు మెట్లు, కుర్చీ పట్టని తలుపు, లోపల తడినేల. సిమెంటు వాలు వేయుటకు తాపీమేస్త్రీకి ఒక పూట పని.

తొలిసారి పోవువానికి నాలుగు దినముల ప్రయాణము మంచిది. మొదటి రాత్రి ఆళ్ళగడ్డ, రెండవది కడప, మూడవది పీలేరు, నాలుగవనాడు రాయవేలూరు. వెంట మఱియొక బండిపై స్నేహితుడుండవలయును, నెట్టుటకన్న, ముందుగా దిగి "అన్నా, దొడ్డికి మెట్లున్నాయా?" అని అడిగివచ్చుటయే అతని ముఖ్యమైన పని. కడప దాటినపిదప గువ్వలచెరువు ఘాటులో లారీలను పోనిచ్చి, మలుపు మలుపునకు వేగము తగ్గించి నడుపవలయును. అచ్చటి కోవా అంగళ్ళ యొద్ద ఎట్లును అందఱును ఆగుదురు గనుక, అరగంట నియమమును ఎవరును గుర్తుచేయనక్కఱలేదు.