చర్చి నేలమీది చుట్లదారి

మన కుటుంబములలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. కేప్‌టౌన్‌లోని సెయింట్ జార్జి కెథీడ్రల్ ఆవరణలో ఉన్న చుట్లదారిని చూచి మనలో కొందరు "ఇది మన ప్రదక్షిణమే" అంటారు. కొందరు "ఇది బైబిలులో లేదు గదా" అని సందేహిస్తారు. కాబట్టి అసలు సంగతి తెలిసికొనుట మంచిది.

దీని పేరు లాబిరింత్. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫ్రాన్సు దేశమందలి షార్త్ర్ కెథీడ్రల్‌లో ఉన్నది. దానిని సుమారు 1200 ప్రాంతమున నేలమీద రాళ్లతో పరచినారు. అడ్డుకొలత దాదాపు 13 మీటర్లు. దారి పొడవు 260 మీటర్లకు పైమాటే. ఆ దారి పదకొండు వలయములలో మెలికలు తిరిగి, ఆరు రేకుల పువ్వువంటి నడిమి చోటికి చేరుతుంది.

ఇందులో దారి తప్పుట అనేది లేదు. అభిమన్యునికి పద్మవ్యూహములోనికి పోవుట తెలుసు, బయటపడుట తెలియదు. ఇక్కడ దారి ఒక్కటే. పోయిన దారినే తిరిగి రావచ్చును. నడిచేవారు మనసులోని భారమును దేవునికి విన్నవించుకొంటూ లోపలికి పోతారు, నడుమ మౌనముగా నిలుస్తారు, నెమ్మదిగా వెనుకకు వస్తారు.

యెరూషలేము యాత్రకు పోలేనివారికై వీటిని కట్టినారని తరచుగా చెప్తారు. ఆ కాలపు వ్రాతలలో దానికి సాక్ష్యము లేదు. ఒసేర్ నగరపు చర్చిలో మాత్రము ఈస్టరునాడు గురువులు లాబిరింత్‌మీద బంతి విసురుకొంటూ నృత్యము చేసేవారు. 1538లో దానిని మాన్పించినారు. రాన్స్ కెథీడ్రల్‌లోని లాబిరింత్‌ను 1779లో తీసివేసినారు. నేటి ప్రార్థన నడకకు 1991లో శాన్ ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్‌లో లారెన్ ఆర్ట్రెస్ అను మహిళా గురువు గుడ్డమీద వేయించిన లాబిరింత్ గొప్ప ప్రోత్సాహమిచ్చినది.

అనగా రాళ్లు పాతవి, ఈ వాడుక క్రొత్తది. ప్రదక్షిణములో దేవుడు నడుమ ఉండగా మనము చుట్టూ తిరుగుతాము. ఇక్కడ నడిచేవారే నడుమకు చేరుతారు. పోలిక ఉన్నది గాని రెండూ ఒకటి కావు. బైబిలులో లేదనుట నిజమే. ఇది ఆజ్ఞ కాదు, ప్రార్థనకు ఆసరా మాత్రమే.

క్రొత్తదైనంత మాత్రాన తక్కువది కాదు. 1903లో నెల్లూరు నుండి వచ్చిన జాన్ రంగయ్యగారు నేటాలులోని కెర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించినప్పుడు అదియు క్రొత్తదే. పిల్లలకు చెప్పునప్పుడు పాతదానిని పాతదని, క్రొత్తదానిని క్రొత్తదని చెప్పుదము. అప్పుడు ఇరువైపుల వారును ఒకరినొకరు గౌరవించగలరు.