ఆకాశానికి నీరుగంటి

పెన్న అనంతపురం సీమలోకి అడుగుపెట్టక ముందే కర్ణాటకలోని గౌరీబిదనూరు పొలాలను దాటి వస్తుంది. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ నేల మారదు. హిందూపురం వైపు ఉన్న ఎర్రమట్టీ రాతిగుట్టలే అటువైపూ ఉంటాయి. మబ్బు పట్టి కూడా కురవకుండా పోయే ఆకాశమూ రెండింటికీ ఒకటే. సంతలో తెలుగు, కన్నడ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ పీఠభూమి అంచున, 1976 నుంచి ఒక విచిత్రమైన సేద్యం నడుస్తోంది. భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధనా సంస్థ ఉమ్మడిగా గౌరీబిదనూరు దగ్గర ఒక రేడియో టెలిస్కోపును నిలబెట్టాయి. దాని రూపకల్పనలో ముందు నిలిచినవారు సి.హెచ్.వి. శాస్త్రి. టెలిస్కోపు అనగానే గుండ్రటి గోపురమో, పెద్ద గిన్నెలాంటి డిష్షో ఊహించుకుని వెళ్లినవారికి అక్కడ అలాంటిదేమీ కనిపించదు. కనిపించేవి గుంజలు, తీగలు. తూర్పు పడమరలుగా దాదాపు 1.4 కిలోమీటర్లు, దక్షిణానికి 0.45 కిలోమీటర్లు, ఇంగ్లీషు ‘టి’ అక్షరం ఆకారంలో పరచిన వెయ్యి డైపోల్ యాంటెన్నాలవి. దూరం నుంచి చూస్తే ఎవరో కాకర పందిరి వేయబోయి తీగ నాటడం మరిచిపోయారనిపిస్తుంది.

ఈ పందిరి వినేది 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 8.7 మీటర్ల పొడవున్న అలలను. ఇంత పొడవైన అలలను పట్టడానికి నునుపైన అద్దం అక్కర్లేదు, తీగలు చాలు. అయితే వెయ్యి తీగలు పట్టిన సంకేతాలు ఒకచోట చేరినప్పుడు అన్నీ ఒకే లయలో ఉండాలి. కదిరి తేరు మోకు పట్టిన జనమంతా ఒక్క ఊపున లాగితేనే చక్రం కదులుతుంది. సగం మంది ముందూ సగం మంది వెనకా లాగితే చేతులు నొప్పెట్టడమే తప్ప తేరు కదలదు. ఇక్కడా అంతే. యాంటెన్నా నుంచి గది దాకా వచ్చే కేబుల్ ఎండకు సాగినా, దాని మూతిలో వాన చెమ్మ చేరినా, యాంప్లిఫయర్ ఒకటి నీరసించినా ఆ వరస లయ తప్పుతుంది. ఉదాహరణకు 100 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు మూడు మీటర్లు. దారిలో ఒక్క అడుగు తేడా వచ్చిందంటే అల పదో వంతు పక్కకు జరిగినట్టే. మిషను ఆగిపోదు, అంకెలు వస్తూనే ఉంటాయి, కాకపోతే అవి ఆకాశం గురించి అబద్ధం చెబుతుంటాయి. ఆగిపోయిన పరికరాన్ని ఎవరైనా గుర్తుపడతారు. పనిచేస్తూనే తప్పు చెబుతున్నదాన్ని కనిపెట్టగలిగేది మాత్రం దాని వెంట రోజూ తిరిగేవాడే.

అందుకే ఇలాంటి చోట్ల కేబుళ్లను మట్టిలో లోతుగా పాతుతారు, పగటి వేడీ రాత్రి చలీ తగలకుండా. గడ్డి కోయాలి. ఎలుకలు కొరికిన చోట, చీమలు గూడు పెట్టిన చోట, తుప్పు పట్టిన అతుకు దగ్గర ఆగి చూడాలి. పిడుగు పడిన మర్నాడు వరసలన్నీ తడిమి చూడాలి. ఆ తర్వాత, ఎంత ప్రకాశమో ముందే తెలిసిన సిగ్నస్-ఏ, టారస్-ఏ లాంటి రేడియో వనరులు మధ్యాహ్నరేఖను దాటేటప్పుడు వాటిని విని, తెలిసిన జవాబు వస్తోందో లేదో సరిచూసుకోవాలి. గడ్డి కోయడం నుంచి సిగ్నస్ దాకా ఇదంతా ఒకే పని. ఈ వ్యాసం వాదన కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది: ఉమ్మడి టెలిస్కోపు విషయంలో మరమ్మతు కూడా పరిశోధనే. దాన్ని పరిశోధన పక్కన రాసే చిల్లర ఖర్చుగా చూసినన్నాళ్లూ, ఘనంగా ప్రారంభించినవాటిని మౌనంగా పాడుపెట్టుకుంటూనే ఉంటాం.

ఈ మాటను రాయలసీమ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్లలో అక్కడి చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువును చెరిచే ఆరు దోషాలను అందులో ఏకరువు పెట్టారు. కట్టించినవాడి కీర్తితో తృప్తిపడకుండా చెరువు ఎలా చెడుతుందో కూడా రాతిలో చెక్కించడం గమనించాల్సిన సంగతి. చెరువు తవ్వించినవాడికీ, దాన్ని బాగుచేస్తూ కాపాడేవాడికీ భూమినో ఆదాయంలో భాగాన్నో రాసిచ్చే దశబంధం ఇనాములు ఈ జిల్లాల్లో ఉండేవి. పేరులోనే పదో వంతు ఉంది. తూము ఎత్తేదీ దించేదీ నీరుగంటి, గట్టుకు గండి పడబోతోందని ముందుగా పసిగట్టేదీ అతనే. పంటలో అతనికి వాటా ఉండేది. దశబంధం కాగితాల్లో మిగిలి, నీరుగంటికి వాటా ఆగిపోయాక, పూడిక పెరిగి చెరువులు ఏమయ్యాయో ఈ సీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్ద టెలిస్కోపులు నడిపేవాళ్లలోనూ ఒక మోటు లెక్క ఉంది: కట్టడానికి అయిన ఖర్చులో పదో వంతు దాకా ఏటా దాన్ని నడపడానికి పక్కన పెట్టుకోవాలని. దశబంధం అనే మాట వాళ్లు విని ఉండరు గానీ, లెక్క దాని దరిదాపుల్లోకే వచ్చింది.

కాపాడుకుంటే ఏం దక్కుతుందో గౌరీబిదనూరే చెబుతుంది. ఆ వెయ్యి డైపోళ్లతో, దక్షిణాన మైనస్ 50 డిగ్రీల నుంచి ఉత్తరాన 70 డిగ్రీల దాకా, ఆకాశానికి 34.5 మెగాహెర్ట్జ్‌లో పటం గీసి 1990లో కె.ఎస్. ద్వారకానాథ్, ఎన్. ఉదయశంకర్ ప్రచురించారు. 1997 నుంచి అదే ఆవరణలో రేడియో హీలియోగ్రాఫ్ అనే మరో యాంటెన్నాల వరస మిట్టమధ్యాహ్నానికి అటూ ఇటూ సూర్యుణ్ణి చూస్తోంది. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీలో కనిపించేది మన కంటికి తెలిసిన సూర్యబింబం కాదు, దానికి ఎంతో పైన ఉండే కరోనా. అక్కడి నుంచి పెద్ద ముద్దలుగా ఎగిరిపడే పదార్థం బయల్దేరుతున్నప్పుడే ఇలాంటి చూపుకు దొరుకుతుంది. ఆస్ట్రేలియాలోని కల్‌గూరాలో 96 డిష్షులతో ఇలాంటి పనే చేసిన హీలియోగ్రాఫ్ 1967 నుంచి 1984 దాకా నడిచి మూతపడింది. ఫ్రాన్సులోని నాన్సే పరికరం వినేది 150 మెగాహెర్ట్జ్ పైన. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఒక్క చోటు నుంచి సూర్యుణ్ణి ఇరవైనాలుగు గంటలూ చూడలేం. ఒక రేఖాంశం దగ్గర ఉన్న పరికరం మూతపడితే ప్రపంచానికి అన్ని గంటల పాటు అటు చూపు లేనట్టే. ఇక సూర్యుడి వరవడి పదకొండేళ్లకోసారి తిరిగి వస్తుంది. అలాంటి రెండు మూడు ఆవర్తాలను ఒకే చోటు నుంచి, ఒకే కొలతతో నమోదు చేసిన విలువను కొత్త పరికరం ఏదీ కొనివ్వలేదు.

కాపాడుకోలేకపోవడానికి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. హైదరాబాదు నిజామియా వేధశాల వారసత్వంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోపును 1960ల చివర నెలకొల్పింది. అప్పటికి దేశంలో అది గొప్ప పరికరం. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఆ ఊరి మీదుగానే పోయింది. ఇప్పుడు అది చాలాకాలంగా పరిశోధనకు దూరంగా ఉంది. నగరపు వెలుగు అక్కడి దాకా పాకిందన్నది నిజమే. వయసును మాత్రం కారణంగా ఒప్పుకోలేం, ఎందుకంటే తమిళనాడులోని కావలూరులో 1972లో పెట్టిన 40 అంగుళాల జైస్ టెలిస్కోపు దాని ఈడుదే. 1977 మార్చి 10న యురేనస్ చుట్టూ వలయాలున్న సంగతిని పట్టుకున్న కొద్ది పరికరాల్లో అదొకటి, యాభై ఏళ్లు దాటినా పనిలోనే ఉంది. తేడా గాజులో లేదు. కావలూరుకు సొంత వర్క్‌షాపు ఉంది, అద్దాన్ని కడిగి మళ్లీ అల్యూమినియం పూత వేసే గది ఉంది, అదే ఉద్యోగంగా బతికే సాంకేతిక సిబ్బంది ఉన్నారు. పాఠాలు చెప్పడమే ప్రధానమైన విశ్వవిద్యాలయానికి అవన్నీ సొంతంగా సమకూర్చుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. కావలూరు వేధశాలకు ఇప్పుడు పేరిచ్చిన వైణు బప్పు తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసినవారు. కొడుకు ఆ ఆవరణలో పెరిగాడు. వారసత్వం ఒకచోట పూచి మరొకచోట కాసిందన్నమాట.

ఇది బీద దేశాల జాడ్యమేమీ కాదు. అమెరికా ఆధ్వర్యంలో నడిచిన 305 మీటర్ల అరెసిబో టెలిస్కోపు 2020 డిసెంబరు 1న కూలింది. అంతకు ముందు ఆగస్టులో ఒక కేబుల్ సాకెట్టులోంచి జారింది, నవంబరులో మరొకటి తెగింది. 2017లో మరియా తుపాను తర్వాతే కేబుళ్లు మామూలు కన్నా ఎక్కువగా జారడం కనిపించిందని, దాన్ని తగినంత పట్టించుకోలేదని తర్వాతి విచారణ తేల్చింది. గండి పడబోయే చోటు కంటికి కనిపించింది, తూము దగ్గర నీరుగంటి మాట చెల్లలేదు.

ఉమ్మడి అన్న మాటలోనే ఒక చిక్కుంది. పదిమందిలో పాము చావదంటారు. ఉమ్మడి టెలిస్కోపు మీద ఎవరికి ఎన్ని రాత్రులో పంచడానికి కమిటీ ఉంటుంది, దరఖాస్తులు చదవడానికి పండితులుంటారు. అద్దం పూతకో కేబుల్ మార్పుకో పరికరాన్ని కొన్నాళ్లు ఆపుదామంటే మాత్రం అందరి మొహాలూ ముడుచుకుంటాయి, ఎందుకంటే పోయేది తమ తమ రాత్రులు. ప్రచురితమైన వ్యాసంలో పరిశోధకుడికి పేరు దక్కుతుంది, సిబ్బందికి చివర్లో ఒక కృతజ్ఞతా వాక్యం. పదోన్నతులు మొదటిదాన్ని చూసి ఇస్తారు. ఈ లెక్కలో తెలివైన కుర్రవాడెవడైనా కనెక్టర్లు శుభ్రం చేయడం నేర్చుకుంటాడా? వాటా లేని నీరుగంటి కొడుకు నీరుగంటి కాలేదు. గౌరీబిదనూరులో ఇద్దరే భాగస్వాములు కావడం, పరికరాన్ని రూపొందించినవాళ్లే దాంతో పరిశీలనలు చేయడం దాని దీర్ఘాయువుకు ఒక కారణమని నా అంచనా. వాడేవాడి చేతికి మట్టి అంటినంత కాలం మరమ్మతు వాయిదా పడదు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం గట్టిదే: బోర్లు ఎండి జనం బెంగళూరుకు వలసపోయే సీమలో సూర్యుడి కరోనా గొడవ ఎవరికి? నిజానికి ఈ ప్రశ్న కొత్త టెలిస్కోపు కట్టేవాళ్లను అడగాల్సింది. ఉన్నదాన్ని నిలబెట్టుకోమనేవాడు ఖర్చు తగ్గించే పక్షం. కట్టి వదిలేస్తే మొదట పెట్టిన డబ్బూ మట్టిలో కలుస్తుంది, మళ్లీ కట్టడానికి ఎన్నో రెట్లు కావాలి. ఉపయోగం విషయానికొస్తే, 1989 మార్చి 13న సౌర తుపాను కెనడాలోని క్యూబెక్‌లో అరవై లక్షల మందిని తొమ్మిది గంటలు చీకట్లో ఉంచింది. మన అక్షాంశాల్లో విద్యుత్ గ్రిడ్డుకు ఆ ముప్పు తక్కువేనని ఒప్పుకోవాలి, ఉపగ్రహాలకు మాత్రం తక్కువ కాదు. రైతుకు వాన కబురు వచ్చేది వాటి మీదుగానే.

రెండో అభ్యంతరం అంతరిక్షం నుంచి వస్తుంది. 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1 భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఎడతెరిపి లేకుండా సూర్యుణ్ణి చూస్తున్నప్పుడు ఈ తీగలెందుకు అని. ఆ నౌకలోని కరోనాగ్రాఫ్‌ను తయారు చేసింది ఇదే భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, బెంగళూరు శివార్లలోని హొసకోటె కేంద్రంలో. అది కాంతిలో చూస్తుంది, ఇది రేడియోలో వింటుంది, రెండూ ఒకదాని లోటును మరొకటి పూడుస్తాయి. అంతకన్నా పెద్ద సంగతి, పైకి పంపిన పరికరంలో వదులైన స్క్రూను ఎవరూ బిగించలేరు. నేల మీది పరికరాన్ని విప్పవచ్చు, రిసీవరు మార్చవచ్చు, ఇరవై ఏళ్ల తర్వాత కొత్త ఎలక్ట్రానిక్స్ తొడగవచ్చు. అంటే పాతదాన్ని ఎప్పటికీ మూయకూడదని కాదు. శాస్త్రీయంగా చెప్పేదేమీ మిగలనప్పుడు గౌరవంగా మూయడం కూడా నిర్వహణలో భాగమే. నాకు కోపం తెప్పించేది ఎవరూ నిర్ణయించకుండానే మూతపడటం.

మూడో చిక్కును నేను అభ్యంతరమనను, ఎందుకంటే అది నిజంగానే తేలని సమస్య. రేడియో టెలిస్కోపుకు యాంటెన్నా ఎంతో నిశ్శబ్దమూ అంతే. ఈ పీఠభూమి నిశ్శబ్దం శాస్త్రజ్ఞులకు ఎప్పటి నుంచో తెలుసు. గౌరీబిదనూరులోనే భాభా అణు పరిశోధనా కేంద్రం 1960ల నుంచి భూకంప తరంగాలు వినే కేంద్రాన్ని నడుపుతోంది, పాత రాతినేల నిలకడను నమ్ముకుని. 2017లో రామన్ సంస్థ వాళ్లు ‘సారస్-2’ అనే రేడియోమీటరును చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టులో పెట్టారు. బీడుపడిన గుట్టలను మళ్లీ పచ్చగా చేయడానికి 1990లో మొదలైన సమష్టి చోటది. తొలి నక్షత్రాలు పుట్టిన కాలపు హైడ్రోజన్ జాడను వెతికే ఆ పరికరానికి, ఆకాశపు హోరులో పదివేలో వంతు పాటి సంకేతం కావాలి. పక్క ఊరి సెల్ టవరు, ఎఫ్.ఎం. స్టేషను దానికి జాతర మోతలు. ఆ తర్వాత యాంటెన్నా కింద ఉండే పొరలు పొరల నేల కూడా సంకేతాన్ని చెరుపుతుందని గుర్తించి, 2020లో సారస్-3ని కర్ణాటకలో చెరువు మీద తెప్పకట్టి తేల్చారు. ఆస్ట్రేలియా ఎడారి నుంచి 2018లో వెలువడిన ఒక సంచలన ఫలితం నిజం కాదని 2022లో చెప్పింది ఆ తెప్పే. కరువు సీమలో మొదలైన పరిశీలన చివరికి నిండు చెరువును వెతుక్కోవడం చిత్రమే.

ఆ నిశ్శబ్దం ఇప్పుడు తరుగుతోంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఎప్పుడో వచ్చాయి, నంబులపూలకుంట దగ్గర 1500 మెగావాట్ల లక్ష్యంతో సౌర పార్కు పరుచుకుంది. వాననివ్వని ఎండ కరెంటునైనా ఇవ్వడం ఈ సీమకు న్యాయమే, దాన్ని ఆపమనడం అన్యాయం. కానీ పలకల కరెంటును మార్చే ఇన్వర్టర్లు సరైన ఫిల్టర్లు లేకపోతే రేడియో రొద చిమ్ముతాయి, సరిగ్గా ఈ యాంటెన్నాలు వినే ఫ్రీక్వెన్సీల్లోనే. ఫిల్టరు ఖర్చు పలక ఖర్చు ముందు ఏపాటిది? అయినా దాన్ని టెండరు కాగితంలో రాయాలంటే, ఎక్కడ రొద పుడుతోందో చేతిలో మీటరు పట్టుకుని మండలం మండలం తిరిగి కొలిచి చెప్పేవాడు ఒకడుండాలి. ఆ మనిషి పేరు ఏ పరిశోధనా వ్యాసం మీదా ఉండదు. పలకలూ ఆ తీగలూ రెండూ చూసేది ఒకే సూర్యుణ్ణి కాబట్టి, అతని జీతం ఎవరు ఇవ్వాలన్నది విద్యుత్ శాఖా విజ్ఞాన శాఖా కూర్చుని తేల్చుకోవాలి.