డోలు మోగితే ఎరుపెందుకు వెలుగుతుంది?

బస్తర్ ప్రాంతపు మాడియా గిరిజనుల నృత్యంలో మగవాళ్ల మెడలోని పెద్ద డోలు ‘ధమ్’మంటుంది. అక్కడి ఒక రకం వెదురు వేణువునైతే ఊదనక్కర్లేదు. గాల్లో గిరగిరా తిప్పితే చాలు, ‘సుయ్’మంటుంది. ఈ చప్పుళ్లను రంగుల్లో చూద్దామా?

ఎలా? చప్పుడంటే గాలి అదరడమే. అది తగిలితే మైకులోని పల్చని పొర అదురుతుంది. ఆ అదురు చిన్న విద్యుత్ సంకేతంగా మారుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది.

మరి రంగును ఎంచేదెవరు? జల్లెడల్లాంటి ఫిల్టర్లు! సెకనుకు 200 లోపు కంపనాలను, అంటే డోలులాంటి చప్పుళ్లను, ఒకటి ఎర్ర ఎల్‌ఈడీ దీపానికి పంపేలా, 1,000 దాటినవాటిని ఇంకొకటి నీలానికి వదిలేలా అమర్చాలి. మధ్యవి ఆకుపచ్చకు. ప్రతి ఎల్‌ఈడీకీ కరెంటును అదుపు చేసే ఒక రెసిస్టర్ తగిలించండి, లేకుంటే ఎల్‌ఈడీ మాడిపోతుంది.

ఇప్పుడు ఈల వేయండి. ఏ రంగు వెలిగింది?