బీచ్ రోడ్డు సీను టీవీ తెర మీదికి వచ్చేలోపు

టీవీ సీరియల్ షూటింగ్ అయిపోయిందంటే పని సగమే అయినట్టు. కెమెరా పట్టిన దృశ్యాల్లో పనికొచ్చేవి ఏరి, కత్తిరించి, వరసలో పేర్చాలి. మాటలు, చప్పుళ్లు, సంగీతం కలపాలి. రంగులు సరిచూడాలి. పేర్లు, హెచ్చరికలు వేసి ఛానల్‌కు అప్పగించాలి. ఈ పనులన్నీ కలిపి పోస్ట్ ప్రొడక్షన్. పరిశ్రమలో ‘పోస్ట్’ అంటే చాలు. సెట్‌లో వందమంది కనపడతారు. పోస్ట్ మాత్రం ఏసీ గదుల్లో, కిటికీల్లేని చోట, ఇద్దరు ముగ్గురి మధ్య సాగిపోతుంది.

ఈ పని అర్థం కావాలంటే పుదుచ్చేరిలో తీసిన ఒక సీను వెంట నడిస్తే సరిపోతుంది. చెన్నైకి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం కెమెరాలకు పాత చుట్టం. ఫ్రెంచి వాళ్లు విడిచిపోయిన వైట్ టౌన్ వీధులు, ఆవపిండి రంగు గోడలు, గాంధీ విగ్రహం నిలబడ్డ గూబేర్ అవెన్యూ, అంటే జనం నోట్లో బీచ్ రోడ్డు, దర్శకులను ఎప్పుడూ ఊరిస్తూనే ఉంటాయి. అయితే ఇక్కడ తీసినవి ఇక్కడే పూర్తయ్యేది తక్కువ. అవి హార్డ్ డిస్కుల్లోకి ఎక్కి చెన్నైకో హైదరాబాదుకో వెళ్లిపోతాయి. బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని నాయికా నాయకులు మాట్లాడుకునే రెండు నిమిషాల సీను తీశారనుకుందాం. అందులో ఎడిటర్‌కూ సౌండ్ మనిషికీ ఎదురయ్యే చిక్కులన్నీ ఉంటాయి.

మొదటి పని కాపీ. కెమెరాలోని మెమొరీ కార్డు నిండగానే దాన్ని కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కిస్తారు. రెండు కాపీలూ అసలుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయని సాఫ్ట్‌వేర్ తేల్చాకే కార్డును చెరిపి మళ్లీ కెమెరా వాళ్లకు ఇస్తారు. చూసేవాళ్లకు ఇదొక గుమాస్తా పనిలా ఉంటుంది. కాపీ చేసే మనిషి ఒక్కసారి ఏమరితే మాత్రం ఒక రోజు షూటింగ్, నటుల డేట్లు, అద్దెలు అన్నీ గాల్లో కలిసిపోతాయి. తర్వాత అసిస్టెంట్ ఎడిటర్ ప్రతి ముక్కకూ సీను నంబరు, షాటు నంబరు, టేకు నంబరు రాసి సర్దుతాడు. క్లాప్ బోర్డు చప్పుడు, ఆ పలక మూసుకున్న ఫ్రేము ఒకచోట కలిపితే బొమ్మా ధ్వనీ జత కుదురుతాయి. ప్రతి ఫ్రేముకూ సమయం గుర్తు వేసే టైమ్‌కోడ్ ఉన్న పరికరాల్లో ఈ జతకట్టడం దానంతట అదే జరుగుతుంది గానీ, క్లాప్ కొట్టే అలవాటు మాత్రం పోలేదు. సాంకేతికత మొరాయించినప్పుడు ఆదుకునేది ఆ చప్పుడే.

ఇక ఎడిటింగ్. మన దేశపు టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా కథకు దక్కేది సుమారు 22 నిమిషాలు. అంటే ఒక ఎపిసోడుకు 33,000 ఫ్రేములు. వారానికి ఆరు రోజులు వచ్చే సీరియల్‌కైతే 132 నిమిషాలు, ఇంచుమించు ఒక పూర్తి తెలుగు సినిమా నిడివి. సినిమా ఎడిటర్ నెలల తరబడి చెక్కే పనిని సీరియల్ ఎడిటర్ ప్రతి వారం చేసి ఇవ్వాలన్నమాట. సీరియల్స్‌ను చులకన చేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

ఎడిటర్ తీసుకునే నిర్ణయాల్లో చాలావరకు మాటలకు సంబంధించినవి కావు, చూపులకు సంబంధించినవి. ‘నేను వెళ్లిపోతున్నాను’ అని నాయకుడు అంటాడు. ఆ మాట పూర్తయ్యేదాకా అతని ముఖం మీదే ఉండాలా, ‘వెళ్లి’ దగ్గరే నాయిక ముఖానికి మారిపోవాలా? మాట సగంలో ఉండగానే మారితే ప్రేక్షకుడు ఆ వార్తను ఆమెతో పాటు వింటాడు. పూర్తయ్యాక మారితే ముందు విని, తర్వాత ఆమె ఎలా తీసుకుందో చూస్తాడు. తేడా పది పన్నెండు ఫ్రేములే, అరసెకను కూడా కాదు. ఏడుపు ఎవరిదనేది ఆ అరసెకనులో తేలిపోతుంది.

అత్తగారు గదిలోకి అడుగు పెట్టగానే ఇంట్లో ఒక్కొక్కరి ముఖం మీదికీ కెమెరా దూసుకుపోయి, మూడుసార్లు ఉరుము ఉరిమే పద్ధతి పుట్టేది కూడా ఎడిట్ గదిలోనే. దీనికి నాటకీయతతో పాటు ఇంకో కారణం ఉంది. ఆ రోజు తీసింది 19 నిమిషాలకే సరిపోతే మిగతా మూడు నిమిషాలు ఎక్కడి నుంచో రావాలి. నిన్నటి కథ, తరువాయి భాగం, నెమ్మదించిన చూపులు ఆ లోటు పూడ్చే మార్గాలు. మోటుగా ఉంటుందని ఎడిటర్‌కూ తెలుసు. రాత్రి ఎనిమిదికి ప్రసారం ఆగదని కూడా తెలుసు.

ఇలా ముక్కలను కావలసినట్టు జరుపుకునే, సాగదీసుకునే వెసులుబాటు కూడా ఇటీవలిదే. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది. ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రసారాలు ప్రారంభించింది. ఆ ఏళ్లలో ఎడిటింగ్ అంటే టేపుల మీదే. ఒక మిషన్‌లో టేపు ఆడిస్తూ, కావలసిన ముక్కను ఇంకో మిషన్‌లోని టేపు మీదికి వరసగా ఎక్కించుకుంటూ పోవాలి. ఐదో నిమిషంలో ఒక షాటును రెండు సెకన్లు పొడిగించాలంటే ఆ తర్వాత ఎక్కించిందంతా మళ్లీ ఎక్కించుకోవలసిందే, లేదంటే ఉన్నదాన్ని ఇంకో టేపుకు కాపీ చేయాలి. కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ కాస్త మసకబారేది. అందుకే అప్పటి ఎడిటర్లు కాగితం మీద మొత్తం ఎపిసోడ్ రాసుకున్నాకే బటన్ నొక్కేవారు. 1989లో వచ్చిన అవిడ్ లాంటి కంప్యూటర్ ఎడిటింగ్ పద్ధతులు మన స్టూడియోలకు చేరాక ఏ ముక్కనైనా ఎక్కడికైనా జరపడం సాధ్యమైంది. పని తేలికైంది, దానితోపాటు ‘ఇంకొక్కసారి మార్చి చూద్దాం’ అనే మాట కూడా పెరిగింది. మిగిలిన టైమంతా ఆ మాటకే ఖర్చయింది.

మళ్లీ బీచ్ రోడ్డుకు వద్దాం. పుదుచ్చేరి సముద్రం తూర్పున ఉంటుంది. ఉదయం ఏడింటికి గట్టు మీద, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న నటి వెనక ఎండ ఉంటుంది. ముఖం నీడలో పడుతుంది, జుట్టు అంచు వెలుగుతుంది. అదే సీను సాయంత్రం నాలుగింటికి కొనసాగిస్తే ఎండ ఊరి వైపు నుంచి తిన్నగా ముఖం మీద కొడుతుంది, వెనక సముద్రం నీలంగా మారిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఒక మాటకూ తర్వాతి మాటకూ మధ్య పూట మారిపోయినట్టు ఉంటుంది. దీన్ని సర్దేది కలరిస్ట్. ముందు షాట్లన్నిటినీ ఒకే వెలుగుకు తెస్తాడు, ఆ తర్వాతే అందం సంగతి. వైట్ టౌన్ పసుపు గోడలతో మరో పేచీ. గోడ మీద పడ్డ ఎండ తిరిగి నటుల చెంపల మీదికి వచ్చి, చర్మం కామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. గోడ రంగు చెడకుండా ముఖం రంగు ఒక్కటే విడదీసి దించాలి. సీరియల్‌లో ఒక్కో షాటుకు దొరికేది నిమిషమో, అంతకన్నా తక్కువో. ఎండ ఎటు తిరుగుతుందో షూటింగ్ రోజే చూసుకుంటే ఈ బాధలో సగం ఉండదు.

ధ్వని సంగతి మరీ కష్టం. అలలు బండరాళ్ల మీద విరుచుకుపడతాయి, గాలి మైకుల్లో హోరెత్తుతుంది. సాయంత్రం నుంచి బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు గానీ పగలు బళ్ల మోత తప్పదు. ప్రతి షాటులోనూ అల వేరే చోట విరుగుతుంది కాబట్టి మాటలు కత్తిరించి అతికిస్తే సముద్రం నత్తి కొడుతుంది. అందుకని షూటింగ్‌లో పట్టిన మాటలను పైలట్ ట్రాకుగా, అంటే ఆనవాలుగా మాత్రమే ఉంచుకుని, స్టూడియోలో డబ్బింగ్ చెబుతారు. తెలుగు సీరియల్స్‌లో డబ్బింగ్‌కు మరో అవసరమూ ఉంది. తెర మీద కనపడే నాయికల్లో కన్నడ, తమిళ, మలయాళ అమ్మాయిలు చాలామంది. పెదవి వాళ్లది, గొంతు హైదరాబాదులోని డబ్బింగ్ ఆర్టిస్టుది. పెదవులు కలిసే ప, బ, మ అక్షరాల దగ్గర గొంతు సరిగ్గా పడితే మిగతాది కాస్త అటూ ఇటూ అయినా చెవి క్షమిస్తుంది. అనుభవజ్ఞులైన డబ్బింగ్ రచయితలు మాట ఎంచుకునేటప్పుడే ఈ అక్షరాలను చూసుకుంటారు.

మాటలు కొత్తగా చెప్పించాక సీను చుట్టూ నిశ్శబ్దం మిగులుతుంది. సముద్రాన్ని మళ్లీ వేయాలి, ఈసారి అతుకుల్లేకుండా ఒకటే ధారగా. అడుగుల చప్పుడు, గాజుల గలగల, చీర కుచ్చిళ్ల సర్దుబాటు, దూరంగా చర్చి గంట, ఒక్కొక్కటీ విడిగా చేరతాయి. ఆపైన సంగీతం, అన్నిటి మీదా మిక్సింగ్. మాట వినపడాలి, సముద్రం ఉన్నట్టు తెలియాలి, టీవీలోని చిన్న స్పీకర్లు పగలకూడదు. ధ్వని గట్టితనానికి కొలతలు కూడా వచ్చాయి. ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య 2010లో సగటు స్థాయిని ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలమానంలో మైనస్ 23గా నిర్ణయించింది. మన కేబుల్ టెలివిజన్ నిబంధనలు కూడా ప్రకటనల ధ్వని మితిమీరకూడదనే అంటాయి. ప్రకటన రాగానే రిమోట్ వెతుక్కునే ఇళ్లలో ఆ నిబంధన ఎంత అమలవుతోందో చెప్పనక్కర్లేదు.

ఛానల్‌కు వెళ్లే ముందు గ్రాఫిక్స్, తనిఖీ మిగులుతాయి. పాత్ర సిగరెట్ వెలిగిస్తే అడుగున హెచ్చరిక కనపడాలన్న నిబంధన 2012 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. గంటలో ప్రకటనలు, సొంత ప్రచారం కలిపి 12 నిమిషాలు మించకూడదన్న నియమం ఉంది కాబట్టి విరామాలు ఎక్కడ రావాలో ముందే గుర్తు పెట్టి ఇవ్వాలి. మంచి ఎడిటర్ విరామానికి ముందు ఒక ప్రశ్న వదులుతాడు. తలుపు తడతారు, ఎవరో చూపించడు. ఇక క్యూసీ, అంటే నాణ్యత తనిఖీ గదిలో ఒకరు ఎపిసోడ్ మొత్తం చూస్తారు. ఒక్క నల్ల ఫ్రేము తగిలినా, ఒక్క సెకను ధ్వని పోయినా, నటుడి పేరులో ఒత్తు జారినా ఫైలు వెనక్కి వస్తుంది.

పుదుచ్చేరిని ప్రపంచానికి చూపించిన చిత్రంలోనే పోస్ట్ పని గొప్పదనమూ దాని కష్టమూ రెండూ కనిపిస్తాయి. అది టీవీ కార్యక్రమం కాదు, ఆంగ్ లీ తీసిన ‘లైఫ్ ఆఫ్ పై’. 2011 జనవరిలో పుదుచ్చేరిలో షూటింగ్ జరిగింది, అక్కడి బొటానికల్ గార్డెన్ జంతు ప్రదర్శనశాలగా మారింది. కథానాయకుడైన ‘పై’ అనే కుర్రవాడికి తల్లిగా నటించిన టబు హైదరాబాదు అమ్మాయే. కథలోని సముద్రం మాత్రం నిజం సముద్రం కాదు, తైవాన్‌లోని తైచుంగ్‌లో కట్టిన అలల తొట్టి. పడవలో ఆ కుర్రవాడితో ఉన్న పులి చాలా షాట్లలో కంప్యూటర్ పులి. దాన్ని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థది లాస్ ఏంజెలెస్ అయినా దానికి ముంబయిలోనూ హైదరాబాదులోనూ స్టూడియోలుండేవి, ఈ చిత్రం పనిలో అవి పాలుపంచుకున్నాయి.

ఇలాంటి పనిలో రోటో అనే మెట్టు ఒకటుంటుంది. తొట్టి నీళ్లలో ఉన్న నటుడి చుట్టూ గీత గీసి అతణ్ణి వెనక దృశ్యం నుంచి వేరు చేయాలి, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన. తడిసిన జుట్టు అంచు ప్రతి ఫ్రేములోనూ మారుతుంది. పది సెకన్ల షాటు ఒక మనిషిని రోజుల తరబడి కుర్చీకి కట్టేస్తుంది. తెర మీద ఆ శ్రమ ఆనవాలు కూడా కనపడకూడదు, కనపడితే తప్పు చేసినట్టే.

చిత్రం 2012 నవంబరులో విడుదలైంది. 2013 ఫిబ్రవరి 24న నాలుగు ఆస్కార్లు గెలిచింది, అందులో విజువల్ ఎఫెక్ట్స్ ఒకటి. దానికి దాదాపు రెండు వారాల ముందే రిథమ్ అండ్ హ్యూస్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. వేదిక మీద ఆ విజువల్ ఎఫెక్ట్స్ బహుమతి అందుకున్న బిల్ వెస్టన్‌హోఫర్ సంస్థ ఇబ్బందుల గురించి మాట్లాడబోతే సంగీతం పెంచి ఆయన ప్రసంగాన్ని ముగించారు. ధర ముందే ఖాయం చేసుకుని, మార్పులు మాత్రం చివరిదాకా చేస్తూ పోవాల్సిన ఒప్పందాలు ఈ రంగంలో సంస్థలను ఎలా కుంగదీస్తాయో అప్పుడు లోకం చర్చించుకుంది.

టీవీ పోస్ట్‌లో అంత పెద్ద పతనాలు కనపడవు గానీ ఒత్తిడి మూలం ఒకటే, ప్రసార సమయం. పెద్ద సీరియల్స్ కొన్ని ఎపిసోడ్లు ముందే తీసి ‘బ్యాంకు’గా, అంటే నిల్వగా ఉంచుకుంటాయి. పండగలు, నటుల జబ్బులు, కథ మలుపులు ఆ నిల్వను తినేస్తే మధ్యాహ్నం తీసింది రాత్రికి వెళ్లాలి. అలాంటి రోజుల్లో ఎడిటర్, డబ్బింగ్ ఆర్టిస్టు, మిక్సింగ్ ఇంజనీర్ ఒకరి పని పూర్తికాకముందే మరొకరు మొదలుపెడతారు. చివర్లో వీళ్ల పేర్లు వచ్చే వేళకు ఛానల్ ఆ పట్టీని మూలకు నొక్కి తర్వాతి కార్యక్రమం ప్రోమో వేసేస్తుంది. ఇది మర్యాద కాదు, మార్చుకోవలసిన అలవాటు.

ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లకు చదువుకునే దారులున్నాయి. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ టీవీ విభాగంలో వీడియో ఎడిటింగ్, సౌండ్ రికార్డింగులకు ఏడాది కోర్సులున్నాయి. పుదుచ్చేరి పొలిమేరల్లో, కాలాపేటలోని విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ మీడియా శాఖ ఉంది. హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ వారి కళాశాల ఉంది. అయినా ఇప్పటికీ చాలామంది ఎడిటర్లు ఎవరో ఒక ఎడిటర్ పక్కన కుర్చీ వేసుకుని, ఫైళ్లకు పేర్లు రాస్తూ నేర్చుకున్నవాళ్లే. సాఫ్ట్‌వేర్ మూడు నెలల్లో వస్తుంది. ఎక్కడ కత్తిరించాలో తెలియడానికి మాత్రం ఏళ్లు పడుతుంది కాబట్టి, చేరాలనుకునే వాళ్లు ముందు ఆ అసిస్టెంట్ కుర్చీ కోసమే అడగాలి.