శాసన దత్తాంశాల భద్రత: సి భాషలో ఫైళ్ల పఠన, లేఖన నియమాలు

సారాంశం:
పశ్చిమ నెల్లూరులోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల శాసన వివరాలను కంప్యూటర్‌లో భద్రపరిచేటప్పుడు, సి ప్రోగ్రాములోని చిన్న లోపాల వల్ల దత్తాంశం ఎలా చెడుతుందో, దానిని ఎలా నివారించవచ్చో ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: సి భాష, ఫైలు, దత్తాంశం, శాసనాలు, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:
అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాలు 1905లో మద్రాసులో మూడు భాగాలుగా వెలువడ్డాయి. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనాలు వాటిలో చోటుచేసుకున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకొన్న చరిత్రకు శాసనాలు ముఖ్యమైన ఆధారాలు. ఇటువంటి శాసనాల సంఖ్య, గ్రామం, శకవర్షం, పాఠం అనే అంశాలను ఒక ఫైలులో చేర్చి, సి ప్రోగ్రాముతో పరిశీలించే సందర్భాన్ని తీసుకొందాం. రాతిపై అక్షరం చెరిగితే ఆ లోపం కంటికి కనిపిస్తుంది. ఫైలులో బైటు చెడితే అది మరొక సంఖ్యగా చలామణి కావచ్చు. అక్కడే పరిశోధనకు ముప్పు.

2. తెలుగు పదం - బైట్ల లెక్క:
యుటిఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 'ఉదయగిరి'లో అక్షరాలు 5, గుడులను విడిగా లెక్కిస్తే సంకేతాలు 7, బైట్లు 21. 'ఆత్మకూరు'లో అక్షరాలు 4 మాత్రమే అయినా బైట్లు 24. గ్రామనామానికి 20 బైట్ల స్థలమిచ్చి పేరును కత్తిరిస్తే, 'ఉదయగిరి'లోని చివరి గుడి మధ్యలో తెగుతుంది. పదాంతాన్ని సూచించే సున్నా బైటుకూ చోటుండదు. కనుక స్థలాన్ని అక్షరాలతో గాక బైట్లతో లెక్కించి, సున్నాకు ఒకటి అదనంగా కేటాయించాలి.

3. టెక్స్ట్, బైనరీ విధానాలు:
విండోస్‌లో టెక్స్ట్ విధానంలో రాసేటప్పుడు 10 విలువగల బైటు 13, 10 అనే రెండు బైట్లుగా మారుతుంది. పూర్ణాంకాలను బైనరీ రూపంలో ఇలా రాస్తే, 10వ శాసనం వద్ద ఒక బైటు అదనంగా చేరి, తర్వాతి వివరాలన్నీ జరిగిపోతాయి. ఆ విధానంలోనే చదివేటప్పుడు 26 విలువను ఫైలు ముగింపుగా భావిస్తుంది. కాబట్టి 26వ శాసనంతో పఠనం ఆగిపోవచ్చు. ఎఫ్‌ఓపెన్‌లో 'ఆర్‌బి', 'డబ్ల్యుబి' విధానాలను వాడడమే దీనికి పరిష్కారం.

యంత్రాల బైట్ల క్రమం కూడా ఒకటి కాదు. రెండు బైట్లలో రాసిన శక 1436ను వ్యతిరేక క్రమపు యంత్రం 39941గా చదువుతుంది. పైగా స్ట్రక్చరులో కంపైలరు ఖాళీ బైట్లను చేర్చవచ్చు. అందువల్ల స్ట్రక్చరును యథాతథంగా రాయక, అంశాలను నిర్ణీత క్రమంలో ఒక్కొక్కటిగా రాయడం మేలు.

4. పఠనంలో జాగ్రత్తలు:
ఫైలు ముగిసిందని ఎఫ్‌ఈఓఎఫ్ ముందుగా చెప్పదు. చదివే ప్రయత్నం విఫలమైన తరువాతే చెబుతుంది. దానినే ఆవృత్తికి షరతుగా పెడితే చివరి శాసనం రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఎఫ్‌రీడ్ తిరిగి ఇచ్చే సంఖ్యనే షరతుగా గ్రహించాలి. ఆ తరువాత ఆగింది ముగింపు వల్లనా, దోషం వల్లనా అన్నది ఎఫ్‌ఎర్రర్‌తో తేల్చుకోవాలి.

5. లేఖనంలో జాగ్రత్తలు:
'డబ్ల్యు' విధానంలో ఫైలు తెరిచిన క్షణమే పాత సమాచారం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సమయంలో విద్యుత్తు ఆగితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. కనుక కొత్త ప్రతిని తాత్కాలిక ఫైలులో రాయాలి. ఎఫ్‌రైట్, ఎఫ్‌ఫ్లష్, ఎఫ్‌క్లోజ్ ఫలితాలను పరీక్షించాలి. డిస్కు నిండిన సంగతి కొన్నిసార్లు ఎఫ్‌క్లోజ్ వద్దనే బయటపడుతుంది. యునిక్స్ తరహా వ్యవస్థల్లో ఫైలు మూయకముందే ఎఫ్‌సింక్‌తో సమాచారాన్ని డిస్కుకు చేర్చి, ఆ తరువాతే రీనేమ్‌తో పాత ఫైలు స్థానంలో కొత్తదాన్ని నిలపాలి. విండోస్‌లో ఆ పేరుతో ఫైలు ఉంటే సి భాషలోని రీనేమ్ విఫలమవుతుంది. అక్కడ వ్యవస్థ అందించే ప్రత్యేక ఫంక్షన్‌ను ఆశ్రయించాలి. చదువుతూ రాస్తూ ఉండే ఫైలులో పఠనం నుంచి లేఖనానికి మారేముందు ఎఫ్‌సీక్ వంటి స్థాన నిర్దేశం తప్పనిసరి.

6. ఉపసంహారం:
బైట్ల లెక్క, బైనరీ విధానం, ఫలితాల పరీక్ష, తాత్కాలిక ప్రతి అనే నాలుగు నియమాలు పాటిస్తే చాలావరకు దత్తాంశం చెడకుండా కాపాడుకోవచ్చు. ఇవి ప్రోగ్రాము లోపాలను నివారిస్తాయే తప్ప, నమోదులో దొర్లిన తప్పులను పట్టవు. శాసన పాఠాన్ని ముద్రిత సంపుటంతో సరిపోల్చే బాధ్యత ఎప్పటికీ పరిశోధకునిదే.