మొక్కల పెరుగుదల: కణకవచ శర్కరలు, గ్లైకోప్రోటీన్ల పాత్ర

1. ప్రవేశిక:

ఆంగ్లంలోని ‘సెల్ వాల్’ అనే మాటకు తెలుగు వృక్షశాస్త్ర గ్రంథాలు ‘కణకవచం’ అనే పదాన్ని స్థిరపరిచాయి. మూలంలో గోడగా ఉన్నది తెలుగులో కవచమైంది. పదం అందంగానే ఉంది. అయితే దానితోపాటు ఒక ఊహ కూడా విద్యార్థి మనసులో నాటుకుంటుంది. కవచం పైన తొడుక్కునేది, దెబ్బ కాచేది, శరీరంతో కలిసి ఎదగనిది. కర్ణుని సహజకవచం ఒక్కటే ఇందుకు మినహాయింపు. కణకవచాన్ని ‘నిర్జీవమైన, దృఢమైన పొర’గా నిర్వచించే పాఠ్యపుస్తకాలు ఈ ఊహనే బలపరుస్తాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో పరిశీలించి ‘సెల్’ అనే పేరు పెట్టినప్పుడు ఆయన కంటబడినవి కూడా మృతకణాల కవచాలే. అంటే శాస్త్రం తొలిచూపు ఖాళీ ఇంటి గోడలమీదనే పడింది.

పత్తి పోగును గమనిస్తే ఈ నిర్వచనం ఎంత చాలనిదో తెలుస్తుంది. పత్తిగింజ పైపొరలోని ఒకే ఒక్క కణం సాగి ఒక పోగవుతుంది. దాని పొడవు రెండున్నర, మూడు సెంటీమీటర్ల వరకు ఉంటుంది. కవచం పూర్తిగా బిగుసుకుపోయినదైతే ఆ కణం సాగనే సాగదు. మరీ మెత్తనిదైతే లోపలి నీటి ఒత్తిడికి పగిలిపోతుంది. మొక్కల కణాల్లో స్ఫీతపీడనం సాధారణంగా 0.3 నుంచి 1 మెగాపాస్కల్ వరకు ఉంటుంది. కారు టైరులోని గాలి ఒత్తిడి 0.2 మెగాపాస్కల్‌కు కాస్త అటూఇటూగా ఉంటుందని గుర్తుచేసుకుంటే ఈ అంకెల బరువు అర్థమవుతుంది. ఇంతటి ఒత్తిడికి నిలుస్తూనే, కొలత ప్రకారం సాగుతూ, సాగిన మేర కొత్త పదార్థాన్ని చేర్చుకోవడం కణకవచం చేయవలసిన పని. ఈ పనిలో శర్కరలు, శర్కరలు అతికిన ప్రోటీన్లు ఏ విధంగా పాలుపంచుకుంటాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సెల్యులోజ్ - పెరుగుదల దిశ:

1838లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్సెల్మ్ పేయెన్ గుర్తించిన సెల్యులోజ్ గురించి పాఠకులకు కొత్తగా చెప్పవలసింది తక్కువ. గ్లూకోజ్ అణువులు వరుసగా కలిసిన పొడవాటి గొలుసులు కట్టలుగా చేరి సూక్ష్మతంతువులవుతాయి. వీటిని కణత్వచంలో పొదిగి ఉన్న ఎంజైముల గుంపులు అల్లుతాయి. ఆ ఎంజైములు కణం లోపలి సూక్ష్మనాళికల దారివెంట కదులుతాయని 2006లో అరాబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కలో ప్రత్యక్షంగా చూడగలిగారు. పీపాకు బిగించిన ఇనుప పట్టీల మాదిరిగా తంతువులు కణం చుట్టూ అడ్డంగా అమరితే, కణం లావెక్కలేక పొడవుగా సాగుతుంది. కాబట్టి కణం ఎటువైపు పెరగాలన్నది ప్రధానంగా సెల్యులోజ్ అమరికను బట్టి తేలుతుంది. ఎప్పుడు సాగాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నలకు సమాధానం తంతువుల మధ్యనున్న మెత్తని పదార్థంలో వెదకాలి. పాఠ్యపుస్తకాలు ఒకటి రెండు వాక్యాలతో దాటివేసేది ఈ భాగాన్నే.

3. పెక్టిన్ - ఒక్క ఆక్సిజన్ పరమాణువు:

జామపండు జెల్లీ గడ్డకట్టడానికి కారణమైన పెక్టిన్‌కు 1825లో ఆ పేరు పెట్టినవాడు ఆన్రీ బ్రాకొనో. గెలక్ట్యురానిక్ ఆమ్లం దీని ప్రధాన ఘటకం. పెక్టిన్ కవచంలోకి వచ్చేటప్పుడు దాని గొలుసులకు మిథైల్ సమూహాలు అతికి ఉంటాయి. ఒక ఎంజైము వాటిని తొలగించగానే ఆ స్థానాలు ఋణావేశం పొంది కాల్షియంను పట్టుకుంటాయి. పక్కపక్క గొలుసులు కాల్షియం ద్వారా ముడిపడి కవచం బిగుస్తుంది. పరాగనాళం కొనలో మిథైల్ ఉన్న పెక్టిన్, పక్కభాగాల్లో మిథైల్ తొలగిన పెక్టిన్ ఉండడం, నాళం కొనలోనే పెరగడం ఈ వివరణకు చక్కగా సరిపోతాయి. అయితే కాండాగ్రంలోని విభాజ్య కణజాలంలో మిథైల్ తొలగిన చోటనే కవచం మెత్తబడి కొత్త అవయవం మొలకెత్తుతున్నట్లు 2011 నాటి ప్రయోగాలు చూపాయి. మిథైల్ పోతే గట్టిపడుతుందనే సూత్రాన్ని అన్ని కణజాలాలకూ వర్తింపజేసి బోధించడం అందువల్ల సరికాదు.

పెక్టిన్ కుటుంబంలో అన్నిటికన్నా చిక్కనైన నిర్మాణం రామ్నోగెలక్ట్యురోనన్-2. ఇందులో పన్నెండుకు పైగా రకాల శర్కరలు, ఇరవైకి పైగా రకాల బంధాలు ఉన్నాయి. నాళికాయుత మొక్కలన్నింటా దీని నిర్మాణం ఇంచుమించు ఒకే తీరుగా కనిపిస్తుంది. కోట్ల సంవత్సరాల పరిణామం ఇంత జటిలమైన అణువును పెద్దగా మార్చకుండా వదిలిందంటే, అందులోని ప్రతి శర్కరకూ ఏదో పని ఉండాలి.

ఆ పని ఏమిటో ఒక మరుగుజ్జు మొక్క తెలియజేసింది. 1993లో వర్ణించిన ‘మర్1’ అనే అరాబిడాప్సిస్ ఉత్పరివర్తితం కాండంలోనూ ఆకుల్లోనూ ఫ్యూకోజ్ అనే శర్కరను తయారుచేసుకోలేదు. మొక్క పొట్టిది, కాండం పెళుసు. ఫ్యూకోజ్ లేనిచోట అది ఎల్-గెలక్టోజ్‌ను వాడుకుంటుంది. ఈ రెండు శర్కరల మధ్య ఉన్న తేడా ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. అంత చిన్న మార్పు మొక్క ఎత్తును ఎలా తగ్గించగలదు?

దీనికి సమాధానం బోరాన్ దగ్గర దొరికింది. బోరాన్ మొక్కలకు అత్యవసరమని ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో కేథరిన్ వారింగ్టన్ 1923లోనే నిరూపించింది. అది ఎందుకు అవసరమో తెలియడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. రెండు రామ్నోగెలక్ట్యురోనన్-2 అణువులను జతకలిపే కొక్కెం బోరేట్ అని 1996లో తేలింది. సాధారణ మొక్కలో ఈ అణువులు దాదాపు అన్నీ జతలుగానే ఉంటాయి. మర్1 ఆకుల్లో సుమారు సగం మాత్రమే జతకట్టాయని 2001లో వెలువడిన పరిశోధన చూపింది. మొక్కకు అదనంగా బోరేట్ అందించగానే జతలు పెరిగాయి, మొక్క కూడా మామూలుగా ఎదిగింది. ఫ్యూకోజ్ కవచంలోని జైలోగ్లూకాన్‌లోనూ ఉంటుంది గనుక తప్పు అక్కడిదేమోనన్న అనుమానం సహజం. కాని జైలోగ్లూకాన్‌లో మాత్రమే ఫ్యూకోజ్ లోపించిన ‘మర్2’ మొక్క దాదాపు మామూలుగానే పెరిగింది. ఇంతటి నికార్సయిన తర్కం జీవశాస్త్రంలో అరుదుగా కుదురుతుంది.

బోరాన్ చాలని నేలలో వేరుశనగ పప్పు లోపల గుల్లబారుతుందని రాయలసీమ రైతుకు, వ్యవసాయ విస్తరణాధికారికి తెలిసిన విషయమే. పైరుకు చల్లే బోరాక్సు చేరవలసిన ముఖ్యమైన చోటు కవచంలోని ఈ శర్కరే.

4. గ్లైకోప్రోటీన్లు - పేరొకటి, తీరొకటి:

కవచమంటే శర్కరలేనన్న అభిప్రాయాన్ని 1960లో డెరెక్ లాంపోర్ట్, డొనాల్డ్ నార్త్‌కోట్ సవరించారు. అంతవరకు ప్రధానంగా జంతువుల కొల్లాజెన్‌లో కనిపించిన హైడ్రాక్సీప్రోలిన్ మొక్కల కణకవచంలోనూ సమృద్ధిగా ఉందని వారు గుర్తించారు. ఆ ప్రోటీన్ కవచం సాగడానికి తోడ్పడుతుందని ఊహించి లాంపోర్ట్ దానికి ‘ఎక్స్‌టెన్సిన్’ అని పేరుపెట్టాడు. తరువాతి పరిశోధనల్లో అది ఎక్కువగా పెరుగుదల ఆగినచోట, గాయమైనచోట, శిలీంధ్రం సోకినచోట పేరుకుంటుందని తెలిసింది. పేరు మాత్రం మారలేదు. పారిభాషిక పదాలు తొలి ఊహకు కట్టుబడిపోవడం తెలుగుకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు. అలాగని ఎక్స్‌టెన్సిన్‌ను పెరుగుదలకు అడ్డుగోడగా మాత్రమే చూడడమూ పొరపాటే. దాని హైడ్రాక్సీప్రోలిన్‌మీద అరాబినోజ్ గొలుసులు సరిగా అతకని అరాబిడాప్సిస్ మొక్కల్లో మూలకేశాలు పొట్టిగా మిగిలిపోయాయి (2011). ప్రోటీన్ ఉంటే చాలదు, దానిమీద శర్కర ఉండాలి.

రెండవ వర్గానికి చెందిన అరాబినోగెలక్టాన్ ప్రోటీన్లలో శర్కరల వాటా బరువులో తొంభై శాతం దాకా ఉంటుంది. వీటిని చూడడానికి ప్రయోగశాల అక్కరలేదు. సిరాలో, మిఠాయిల్లో, మందుల్లో వాడే అరబ్బీ బంకలో ఇవి ఉంటాయి. అది తుమ్మకు దగ్గరి బంధువైన చెట్టునుంచి కారేది. బెరడు చిట్లినచోట చెట్టు స్రవించే ఈ పదార్థానికి సోదరులైన అణువులు ప్రతి కణం ఉపరితలంమీదా స్వల్పమొత్తంలో ఉంటాయి.

ఈ ప్రోటీన్ల శర్కర కొమ్మల చివర్లలో ఉండే గ్లూక్యురానిక్ ఆమ్లం కాల్షియంను పట్టుకుంటుంది. కణత్వచం అంచున కాల్షియం నిల్వగా ఇవి పనిచేస్తాయని, అవసరమైనప్పుడు దానిని విడుదల చేస్తాయని 2013లో లాంపోర్ట్, పీటర్ వార్నాయ్ ప్రతిపాదించారు. గ్లూక్యురానిక్ ఆమ్లాన్ని చేర్చే ఎంజైములు లోపించిన మొక్కల్లో కాల్షియం పట్టు తగ్గి, ఎదుగుదల దెబ్బతిన్నదని 2020 నాటి పరిశోధన చూపడంతో ఆ ప్రతిపాదనలోని ముఖ్యాంశానికి బలం చేకూరింది. నిల్వ, విడుదల నిజంగా లయబద్ధంగా జరుగుతాయా అన్నది మాత్రం ఇంకా ప్రతిపాదన స్థాయిలోనే చూడవలసిన అంశం.

ఈ కుటుంబంలోని మరొక ప్రోటీన్ లోపించిన ‘సాస్5’ మొక్క మామూలు నేపథ్యంలో బాగానే కనిపిస్తుంది. ఉప్పు ఎక్కువైన మాధ్యమంలో పెంచితే దాని వేరు కొనలోని కణాలు అదుపుతప్పి ఉబ్బుతాయి, వేరు పొడవు ఎదగదు. చవుడు నేలల గురించి ఆలోచించేవారు కణకవచాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసిన అవసరాన్ని ఈ మొక్క గుర్తుచేస్తుంది.

5. శర్కర - సంకేతం:

శర్కర కవచాన్ని నిలబెట్టడమే కాక సమాచారాన్ని కూడా అందించగలదని చెప్పే ఉదాహరణ పుష్పంలో ఉంది. కీలాగ్రంమీద పడిన పరాగరేణువునుంచి బయలుదేరిన నాళం అండంలోని పిండకోశాన్ని చేరాలి. దారి చూపే ప్రోటీన్లను సహాయకణాలు స్రవిస్తాయని టొరీనియా అనే తోటమొక్కలో 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అయితే ఆ పిలుపును అందుకునే శక్తి పరాగనాళానికి మొదటినుంచీ ఉండదు. అండ కణజాలంనుంచి వచ్చే అరాబినోగెలక్టాన్ తగిలిన తరువాతనే అది స్పందించగలుగుతుంది.

ఆ పెద్ద అణువులో ఏ భాగం ఈ పని చేస్తోందో తెలుసుకోవడానికి నగోయా బృందం దాని కొమ్మ చివరనున్న రెండే శర్కరలను, అంటే మిథైల్ అతికిన గ్లూక్యురానిక్ ఆమ్లాన్ని, దానికి కలిసిన గెలక్టోజ్‌ను రసాయనికంగా తయారుచేసి పరీక్షించింది. ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆ రెండు శర్కరలు బీటా బంధంతో కలిసి ఉంటే పరాగనాళం పిలుపును అందుకుంది. అవే శర్కరలు ఆల్ఫా బంధంతో కలిసి ఉన్నప్పుడు స్పందించలేదు.